నటుని గొంతునకు ఆకాశమున చోటు

1949 సెప్టెంబరులో ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమున అల్లాద్దీను కథను మంచుగడ్డమీద జారుచు ఆడిరి. మంచుపై జారిపోవు నటుడు మైకు ముందు నిలిచి మాటలాడజాలడు. అందుచేత రెజ్ మూర్స్ అను నాతడు చిన్న రేడియో ప్రసారయంత్ర మొకటి చేసి, మాంత్రికుని వేషధారి దుస్తులలో అమర్చెను. యంత్రము చక్కగా పనిచేసినది. అయినను మూర్స్ దానికి పేటెంటు కోరలేదు. ఆతడు వాడినది 76 మెగాహెర్ట్జ్‌ల తరంగము. దానిని వాడుటకు ఆతనికి అనుమతి లేదు. పేటెంటు అడుగబోయినచో, తన తప్పు తానే ఠాణాకు పోయి చెప్పుకొన్నట్లగును గదా! (పాత రేడియో డయలుమీద మెగాసైకిలని ఉండునదే నేటి మెగాహెర్ట్జ్.)

తీగలేని మైకు రంగస్థల మెక్కిన తొలి సందర్భములలో ఇది యొకటి. ఇట్లు అనుమతి లేకయే పుట్టినది, అనుమతి లేకయే చాలకాలము బ్రదికినది. ఆ కథయే ఇక్కడ చెప్పదలచితిమి.

మన పద్యనాటకములలో నటుడు పద్య మందుకొనవలసినప్పుడు మైకు దగ్గరకు నడచివచ్చుట పాఠకు లెరిగినదే. తీగలేని మైకు ఆ నడకను తప్పించినది. కాని అది వట్టి మైకు కాదు, చిన్న రేడియో స్టేషను. స్టేషను శక్తిని కిలోవాట్లలో చెప్పుదురు. దీని శక్తి వాటులో ఇరువదవ వంతో, పావు వంతో. ఎంత చిన్నదైనను చట్టము దృష్టిలో ప్రసారము ప్రసారమే. మన దేశములో 1980ల దశకము వరకు ఇంట రేడియో వినుటకు సైతము పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లించుచుంటిమి. వినుటకే అట్లున్నప్పుడు పలుకుటకు ఊరక అనుమతి దొరకునా?

ఈ మైకులకు అనువైన తరంగము లెవ్వి? పౌనఃపున్యము తగ్గినకొలది తరంగము పొడవు పెరుగును, దానితో ఏరియల్ తీగయు పొడవగును. దుస్తులలో దాచుట కష్టము. పౌనఃపున్యము మరీ పెరిగినచో నటుని శరీరమే తరంగమును మ్రింగివేయును, తెరలు గోడలు అడ్డుపడును. 600 మెగాహెర్ట్జ్‌ల వద్ద తరంగము పొడవు అరమీటరు. అందులో నాలుగవ వంతు, అనగా జానెడుకంటె తక్కువ తీగ, ఏరియల్‌గా చాలును. అది టెలివిజను ప్రసారముల సీమ. ప్రక్క ప్రక్క ఊళ్ళ స్టేషనులు ఒకే చానెలును వాడరాదు గనుక ప్రతి ఊరిలోను కొన్ని చానెళ్ళు ఖాళీగా ఉండును. మైకులు ఆ ఖాళీలలో కాపురము పెట్టినవి. అమెరికాలో ఒక చానెలు వెడల్పు 6 మెగాహెర్ట్జ్‌లు, ఒక మైకునకు కావలసినది 200 కిలోహెర్ట్జ్‌లు. లెక్క ప్రకారము ముప్పది మైకులు పట్టవలెను. కాని రెండు తరంగములు కలిసినచోట మూడవది పుట్టి గోల చేయును. అందుచేత పాతరకపు మైకులకు అందులో సగము చోటైనను చిక్కదు.

1964లో విడుదలయిన ‘మై ఫెయిర్ లేడీ’ చిత్రములో రెక్స్ హారిసన్ ముందుగా రికార్డు చేసిన పాటకు పెదవులు కదపనని పట్టుపట్టగా, ఆతని టైలో తీగలేని మైకు దాచిరి. 1980ల దశకము నాటికి న్యూయార్కులోని బ్రాడ్‌వే, లండనులోని వెస్ట్ ఎండ్ నాటకశాలలలో ఇవి పరిపాటి యయ్యెను. అయితే అమెరికాలో సమాచార ప్రసారముల కమిషను 1970ల దశకములో లైసెన్సు ఇచ్చినది ప్రసార సంస్థలకు, చలనచిత్ర నిర్మాతలకు మాత్రమే. నాటకశాలలకు, చర్చిలకు ఆ అర్హత లేదు. దుకాణములలో మైకు లమ్మిరి, వారు కొనిరి, ఎవ్వరును అడుగలేదు.

2008లో అదే సీమలోని 700 మెగాహెర్ట్జ్‌ల భాగమును కమిషను వేలము వేసినది. సుమారు 1,900 కోట్ల డాలర్లు పలికినది. కొన్నవారిలో ఫోను కంపెనీలు ముఖ్యులు. 698 నుండి 806 మెగాహెర్ట్జ్‌ల వరకు గల మైకులన్నియు 2010 జూన్ 12వ తేదీలోగా ఖాళీ చేయవలెనని ఆజ్ఞ వచ్చినది. లైసెన్సు లేనివారు పరిహార మడుగుట కాధారము లేకపోయినది. మిగిలిన చానెళ్ళలో తక్కువ శక్తితో లైసెన్సు లేకయే వాడుకొననిచ్చిరి గాని, ఇతరులు అడ్డుపడినచో రక్షణ లేదు.

బ్రిటనులో జరిగినది వేరు. అక్కడ మైకులవారు 69వ చానెలును లైసెన్సుతో వాడుచుండిరి. 2012లో వారిని 38వ చానెలునకు తరలించినప్పుడు, పనికిరాకుండ పోయిన పరికరములకు ప్రభుత్వము కొంత సొమ్ము చెల్లించినది. ఆ 38వ చానెలు అదివరకు నక్షత్రముల రేడియో తరంగములను పరిశీలించువారికై విడిచియుంచినది! నిశ్శబ్దమునకై కాపాడిన చోటు పాటకు దక్కినది. లైసెన్సు రుసుము దండుగ యని విసుగుకొనువారు ఈ రెండు దేశముల అనుభవమును పోల్చి చూడవలెను.

అమెరికాలో 2014లో నాటకశాలలకును అర్హత కలిగినది. కాని నిత్యము 50 మైకులకు తగ్గక వాడువారికే. యాభై గలవానికి హక్కు, పది గలవానికి దయ! పెద్ద నాటకములో అడ్డంకి వచ్చినచో నష్టము పెద్దదను వాదము మాకు తెలియకపోలేదు. అయినను చిన్న నాటకశాల ప్రేక్షకునకు మాట వినబడకపోవుట చిన్న నష్టమని ఎట్లనగలము?

అంతలో 2017లో 600 మెగాహెర్ట్జ్‌ల భాగమును సైతము వేలము వేసిరి. ఈసారి 1,980 కోట్ల డాలర్లు. పైభాగమునుండి తరలివచ్చి క్రొత్త మైకులు కొన్నవారిలో పలువురు మరల కొనవలసివచ్చినది. ఫోనుల రాకపోకల తరంగముల నడుమ మిగిలిన సందులో లైసెన్సుగలవారికి 4 మెగాహెర్ట్జ్‌లు, లేనివారికి 6 మెగాహెర్ట్జ్‌లు విడిచిరి. ఇవిగాక 608కు దిగువ టెలివిజను చానెళ్ళలో ఖాళీ దొరికినంత. గడువు 2020 జూలై 13. ఆ దినమున బ్రాడ్‌వేలో ఒక్క మైకును మ్రోగలేదు. మహమ్మారివలన మార్చి 12 నుండి నాటకశాలలన్నియు మూతబడియుండెను.

2024 ఫిబ్రవరిలో కమిషను మరియొక పద్ధతికి అనుమతి ఇచ్చినది. మైకున కొక తరంగము చొప్పున గాక, అనేకుల మాటలను ఒకే వెడల్పయిన తరంగమున అంకెలుగా మార్చి పంపుట దీని తీరు. మెగాహెర్ట్జ్ ఒక్కింటికి మూడు గొంతులకు తగ్గరాదని నియమము. ఇరుకుచోట ఎక్కువమంది పట్టుదురు, నిజమే. అందుకు పాత పరికరములు పనికిరావు. రెండు మారులు కొన్న నాటకశాలలకు ఇది మూడవ కొనుగోలు.