పరిశోధనా నైతికత: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

పరిశోధకులు లెక్కలు కల్పించకుండా, ఉన్న లెక్కలు మార్చకుండా, ఇతరుల రాతను తమదిగా చూపకుండా, తాము ప్రశ్నించే మనుషులకు హాని కలిగించకుండా పనిచేసేందుకు విశ్వవిద్యాలయాలు ఇచ్చే శిక్షణ, సలహా, పర్యవేక్షణ అన్నీ పరిశోధనా నైతికత కిందికి వస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతానికి ఈ బాధ్యత పలు విశ్వవిద్యాలయాలది, వాటిలో మూడు ఇవి. డిగ్రీ, పీజీ కళాశాలలకు కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం, కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని ఇంజనీరింగ్ కళాశాలకు హైదరాబాద్ జేఎన్‌టీయూ, పొలాసలోని వ్యవసాయ కళాశాలకు, పరిశోధనా స్థానానికి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెద్దదిక్కు. 2016లో మండల కేంద్రమైన బుగ్గారం లాంటి ఊళ్లు మాత్రం ఈ వ్యవహారంలో అవతలి పక్షం. సర్వే కాగితాలు పట్టుకొని వచ్చేవారు కాలేజీల వాళ్లు, కూలి, అప్పు, జబ్బుల వివరాలు చెప్పేది ఊరి జనం.

నిబంధనలు

దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తించే ప్రధాన నిబంధనలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 జూలైలో తెచ్చింది. వీటి ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం దాకా ఉంటే చర్య లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు మళ్లీ సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఫిర్యాదు వస్తే మొదట విభాగ స్థాయి కమిటీ, తర్వాత సంస్థ స్థాయి కమిటీ విచారిస్తాయి. విభాగ కమిటీకి అధ్యక్షుడు విభాగాధిపతే. నలుగురైదుగురు అధ్యాపకులున్న చిన్న విభాగాల్లో ఆయనే గైడు కూడా అయ్యే అవకాశం ఉంది. అలాంటి చోట విద్యార్థి ఎవరికి చెప్పుకోవాలన్నది కాగితం మీద తేలని ప్రశ్న.

2019 డిసెంబరులో పరిశోధన, ప్రచురణ నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును పీహెచ్‌డీ విద్యార్థులందరికీ యూజీసీ తప్పనిసరి చేసింది. కల్పిత లెక్కలు, మార్చిన లెక్కల సంగతి ఈ కోర్సు పాఠాల్లో ఉంది. 2018 నాటి శిక్షలు మాత్రం గ్రంథచౌర్యానికే పరిమితం. ఇది పెద్ద లోపమే. శాతం కొలవడం సులువు కాబట్టి వ్యవస్థ చూపంతా శాతం మీదే నిలిచింది.

తెలుగునాట ఈ విషయంలో పెద్ద దెబ్బ తిన్నది తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం. అక్కడి ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు విదేశీ పత్రికల్లో ప్రచురించిన దాదాపు 70 పరిశోధన పత్రాలు కాపీవో కల్పితాలో అని 2008లో బయటపడింది. అప్పటికి ఈ నిబంధనలేవీ లేవు. పట్టుకున్నది బయటి పత్రికల సంపాదకులు.

తెలుగు థీసిస్‌ల చిక్కు

పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019 నుంచి ‘శోధ్‌శుద్ధి’ పథకం కింద విశ్వవిద్యాలయాలకు అందిస్తోంది. ఆమోదం పొందిన థీసిస్‌లు ఆన్‌లైన్ భాండాగారమైన ‘శోధ్‌గంగ’లోకి చేరతాయి. తెలుగు శాఖలకు వచ్చేసరికి కథ మారుతుంది. ఏళ్లతరబడి తెలుగు థీసిస్‌లు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో తయారయ్యాయి. యూనికోడ్ కాని ఆ ఫైళ్లలోని అక్షరాలు యంత్రానికి అర్థంలేని ఆంగ్ల గుర్తులుగా కనిపిస్తాయి. స్కాన్ చేసిన పుటలైతే వట్టి బొమ్మలే. ఇంగ్లిష్ పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగు చేసి పెట్టుకుంటే కూడా శాతం సున్నా రావచ్చు. ఇక్కడ పనికొచ్చేది ఆ రంగంలోని పుస్తకాలు చదివిన గైడు కన్నే. సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఆయన సంతకానికి బదులు కాదు.

పొలంలో

పొలాస పరిశోధనా స్థానం జగిత్యాల సన్నాలు (జేజీఎల్ 1798) వంటి వరి వంగడాలతో పేరు తెచ్చుకుంది. వంగడాల పోటీ పరీక్షలో ఒక్కో రకాన్ని మూడు నాలుగు మడుల్లో వేసి, సగటు దిగుబడి లెక్కగడతారు. అడవిపందులు ఒక మడిని తొక్కేశాయనుకుందాం. కోతనాడు రిజిస్టరులో ఒక గడి ఖాళీగా మిగులుతుంది. పక్క మడుల సగటు చూసి అంకె వేసేయడం కల్పన కిందికి వస్తుంది. ‘మడి దెబ్బతింది’ అని రాసి, గణాంకశాస్త్రంలో ఇలాంటి ఖాళీకి 1930ల నుంచీ ఉన్న పద్ధతిని వాడి, ఆ మాట థీసిస్‌లో చెప్తే తప్పేమీ లేదు. కొత్త విద్యార్థికి ఈ రెండో దారి ఉందని ముందే తెలియాలి. మార్గదర్శనం అనేది అసలు అవసరమయ్యేది ఇక్కడే, థీసిస్ బైండింగుకు వెళ్లే రోజున కాదు.

మనుషులతో

మనుషులపై చేసే పరిశోధనలో సమ్మతి ఎలా తప్పుదారి పడుతుందో ఖమ్మం చూపింది. 2009 జూలైలో ఆ జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. వారిలో కొందరి మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారన్నది 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికకెక్కింది. ఈ ప్రాంతానికి ఇంకా దగ్గర సంగతి జమ్మికుంటది. డబ్బు కోసం మందుల ప్రయోగాలకు వెళ్లిన వారి ఉదంతం 2017లో ఒక యువకుడి మరణంతో వార్తల్లోకెక్కింది.

2019 నాటి కేంద్ర నియమాల ప్రకారం మందుల ప్రయోగాలను అనుమతించే నైతికతా సంఘంలో కనీసం ఏడుగురుండాలి, వారిలో కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు తప్పనిసరి. ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. కూలి, అప్పు, వలసల మీద చేసే సాంఘికశాస్త్ర సర్వేకు ఇంత గట్టి కాపలా లేదు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే కార్మికుణ్ణి వాటి యజమాని అయిన ఆసామి ఎదుట కూలి ఎంతని అడిగితే వచ్చే జవాబు వేరు, ఇంటి దగ్గర అడిగితే వచ్చేది వేరు. మొదటి జవాబును అంకెగా రాసుకుంటే లెక్క తప్పుతుంది. ఆసామి ఎదుట నిజం చెప్తే కార్మికుడి పనికే ఎసరు రావచ్చు. బుగ్గారం వైపు గల్ఫ్ వెళ్లినవారి ఇళ్లలో ఏజెంటుకు ఎంత కట్టారన్నది కూడా అలాంటి ప్రశ్నే. పేరు, ఫోన్ నంబరు, ఊరు మూడూ ఒకే కాగితం మీద ఉంటే అది ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. అందుకే పేర్ల జాబితాను విడిగా, తాళం కింద దాచి, జవాబుల పత్రం మీద సంకేత సంఖ్య మాత్రమే వేస్తారు. అప్పుడు కూడా చిన్న ఊళ్లో ‘దుబాయ్ నుంచి తిరిగొచ్చిన, ఇద్దరు కూతుళ్లున్న విధవరాలు’ అని రాస్తే, పేరు లేకున్నా ఊరంతా గుర్తుపడుతుంది.

ఆరోగ్య పరిశోధనల్లో సమ్మతి పత్రం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రాని వ్యక్తి వేలిముద్ర వేస్తే నిష్పక్షపాత సాక్షి ఒకరు పక్కనుండి సంతకం చేయాలి. ఆ సాక్షి పరిశోధక బృందంలోని మనిషి కాకూడదు.