మొదటి బడ్జెట్, ఒక బ్యాంకరు, పిడికెడు ఉప్పు



పోయిన వారం క్లాసయ్యాక డిగ్రీ రెండో సంవత్సరం పిల్లవాడొకడు నా దగ్గర ఆగిపోయాడు. హాస్టల్లో ఎవరో వాడితో "మేం కట్టే ట్యాక్సుల మీద నువ్వు చదువుతున్నావు" అన్నారట. "మా ఇంట్లో ఎవరూ ట్యాక్స్ కట్టరు సార్. వాళ్లన్నది నిజమేనా?" అని అడిగాడు. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ భాగం వాడి కోసమే రాస్తున్నాను.

ఈ దేశంలో ఆదాయపు పన్ను తెచ్చినవాడు జేమ్స్ విల్సన్. 1805లో స్కాట్లాండ్‌లోని హావిక్‌లో పుట్టాడు. టోపీల వ్యాపారం చేశాడు. 1837 ప్రాంతంలో నీలిమందు బేరాల్లో చేతులు కాల్చుకున్నాడు. 1843లో 'ది ఎకానమిస్ట్' పత్రిక పెట్టాడు. 1853లో చార్టర్డ్ బ్యాంకు స్థాపించాడు. ఇప్పుడు మనం స్టాండర్డ్ చార్టర్డ్ అంటున్న బ్యాంకు మూలాల్లో అదొకటి. తర్వాత బ్రిటిష్ ట్రెజరీలో ఉన్నత పదవి చేసి, 1859 చివర్లో వైస్రాయ్ కౌన్సిల్ ఆర్థిక సభ్యుడిగా కలకత్తాలో దిగాడు.

అతన్ని ఎందుకు పంపారు? 1857 తిరుగుబాటును అణచడానికి సర్కారు దాదాపు నాలుగు కోట్ల పౌండ్ల అప్పు చేసింది. మనల్ని పాలించడానికి అయిన యుద్ధ ఖర్చును మన నెత్తినే వేశారు. 1860 ఫిబ్రవరి 18న విల్సన్ మొదటి బడ్జెట్ పెట్టాడు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు పన్ను లేదు. ఆ పైన 500 దాకా 2 శాతం, అది దాటితే 4 శాతం.

జమీందార్లు, వర్తకులు గగ్గోలు పెట్టారు. మన తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. అక్కడి గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యాన్ ఈ పన్నును వ్యతిరేకిస్తూ రాసిన అధికారిక పత్రాన్ని బయటపెట్టేశాడు. పైవాళ్లు అతన్ని వెనక్కి పిలిపించారు. విల్సన్ కూడా ఎక్కువ కాలం బతకలేదు. అదే ఏడాది ఆగస్టు 11న కలకత్తాలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ పన్ను 1865లో ఆగిపోయింది.

విల్సన్ బీదల పక్షపాతి అని నేను అనడం లేదు. ఐర్లండ్ కరువులో జనం చస్తుంటే సర్కారు సాయాన్ని వ్యతిరేకించిన పత్రిక అతనిదే. నేను చూపించాలనుకున్నది వేరే. ఉన్నవాళ్ల ఆదాయాన్ని ముట్టుకోగానే అంత గొడవ అయింది కదా, మరి అప్పటిదాకా ఖజానా ఎవరు నింపారు?

భూమిశిస్తు, నల్లమందు, ఉప్పు. పెద్ద రాబడులు ఇవే. పట్టా ఎవరి పేరున ఉన్నా మడిలో దిగింది మన మాల మాదిగ పాలేర్లే. శిస్తు కట్టిన గింజలో మన చెమట ఉంది, రసీదులో మన పేరు లేదు. ఇక ఉప్పు మీద మద్రాసులో 1805 నుంచే సర్కారు గుత్తాధిపత్యం. జమీందారు ఎంత ఉప్పు తింటాడో పాలేరూ ఇంచుమించు అంతే తింటాడు. కానీ ఆ పన్ను జమీందారుకు చిల్లర, పాలేరుకు కూలి డబ్బు.

బాబాసాహెబ్ ఎం.ఎ. కోసం 1915లో రాసింది ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీదే. 1925లో అచ్చయిన ఆయన ప్రొవిన్షియల్ ఫైనాన్స్ పుస్తకం తెరవండి. భూమిశిస్తు వ్యవసాయాన్ని, సుంకాలు పరిశ్రమను ఎలా నొక్కేశాయో కనిపిస్తుంది. ఆయన్ని రాజ్యాంగం దగ్గరే ఆపేసి, ఈ పుస్తకాలు చదవకపోవడం మన తప్పే.

ఆ పిల్లవాడి దగ్గరికి మళ్లీ వస్తాను. వాళ్ల అమ్మ కూలికి పోతుంది. ఫోన్ రీఛార్జ్ చేయిస్తే అందులో 18 శాతం జీఎస్టీ. రీఛార్జ్ ఎవరు చేయించుకున్నా అదే 18 శాతం. "మీ ఇంట్లో ఒక నెల కొన్నవన్నీ రాసుకురా, ఎంత పన్ను కట్టారో కూర్చుని లెక్కేద్దాం" అన్నాను. నిన్న నోటుబుక్కు తెచ్చాడు. మొదటి పేజీ మొత్తం వాళ్లమ్మ చేతిరాతే.

వచ్చే భాగంలో అంబేడ్కర్ రూపాయి గురించి ఏం రాశారో చూద్దాం. ఈలోగా మీ ఇంటి లెక్క మీరూ రాసిపెట్టుకోండి.