ఉన్నత పాఠశాలలో ఆరోగ్య పాఠము



గుత్తి దుర్గమును చూడనివారు మనలో నుండరు. మదరాసునుండి బొంబాయికి పోవు రైలుబండిలో కూర్చున్న బాటసారికి సైతము ఆ కొండ దూరమునుండియే కనబడును. ఆ దుర్గమును 1776వ సంవత్సరమున హైదరాలీ పట్టుకొనెను. దానిని కాపాడిన మురారిరావు ఘోర్పడే సామాన్యుడు కాడు; యుద్ధములలో తలపండినవాడు. నెలల తరబడి ముట్టడి సాగినను కొండ లొంగలేదు. తుదకు పైనున్న నీరు అడుగంటెను. ఫిరంగులకు లొంగనివాడు దాహమునకు లొంగి కోట నప్పగించి, కబ్బాలదుర్గమున బందీగా ప్రాణములు విడిచెను.

నేను నేడు యుద్ధకథ చెప్పుటకు రాలేదు. మన పిల్లలు ఉన్నత పాఠశాలలో చదువు ఆరోగ్య పాఠమును గూర్చియు, ఆ పాఠము వారినుండి కోరు పనులను గూర్చియు రెండు మాటలు చెప్పవలెనని వచ్చితిని. అయినను ఏడాదికి అయిదువందల యేబది మిల్లీమీటర్ల వాన కూడ నిశ్చయము లేని మన సీమలో ఆరోగ్యపు మాట ఎక్కడ మొదలిడినను అది నీటికడకే పోవును. అందుచేత కోటనుండి మొదలిడితిని.

ఆ కొండ పాదమున దొరల శ్మశానమొకటి కలదు. సర్ థామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరుగా నుండెను. రైతువారీ పద్ధతిని స్థిరపఱచినవాడని మీరందఱు నెఱుగుదురు. మన తాతల కాలమున కొందఱు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరని కూడ చెప్పుకొందురు. ఆయన 1820లో మదరాసు గవర్నరయి, ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు ఈ మండలములను కడసారి చూడవలెనని 1827లో బయలుదేరెను. త్రోవలో పత్తికొండయొద్ద గత్తర సోకెను. జూలై 6వ తేది ఉదయమున సోకిన రోగము ఆ రాత్రికే ప్రాణము తీసికొని పోయినది. శవమును గుత్తికి తెచ్చి పాతిపెట్టిరి. తరువాత 1831లో అస్థికలను మదరాసు కోటలోని చర్చికి చేర్చిరి.

ఒక్క విషయ మాలోచింపుడు. ఆయన గవర్నరు. వెంట వైద్యులు, పరివారము, ధనము, గుఱ్ఱములు అన్నియు నుండెను. లేనిది తెలివి యొక్కటే. గత్తర యెట్లు వచ్చునో ఆనాడు లోకములో నెవ్వరికిని తెలియదు. లండనులో జాన్ స్నో యను వైద్యుడు ఒక వీధి పంపు నీటికిని గత్తర చావులకును గల సంబంధమును చూపినది 1854లో. రాబర్టు కాక్ కలకత్తా వచ్చి రోగుల కడుపులోను, అక్కడి చెఱువు నీటిలోను ఆ క్రిమిని చూచినది 1884లో. ఉప్పును చక్కెరయు కలిపిన నీటిని మాటిమాటికి త్రాగించుటచేత గత్తర రోగిని బ్రతికింపవచ్చునని పెద్దయెత్తున రుజువైనది 1971లో. బంగాళ దేశపు కాందిశీకుల శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబీస్ ఆ నీటిని బాల్చీలతో పంచిపెట్టెను. నూటికి ముప్పదిమంది చచ్చుచున్నచోట నలుగురైనను చావకుండ చేసెను. నేడు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలిక నడుగుడు. లీటరు నీటికి ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు అని గుక్క త్రిప్పకుండ చెప్పును. మన్రో దొర గుడారములో నెవ్వరికిని తెలియని మాట యిది.

ఈ చదువు పాఠశాలలోనికి ఒక్కనాట రాలేదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన పెద్ద కఱవును మన ముత్తవ్వలు ధాత కఱవని కథలుగా చెప్పెడివారు. ఆకలితో పాటు గత్తర కూడ ఊళ్లమీద పడి తుడిచిపెట్టినది. ఆ దరిదాపులనే, 1879లో, భారతప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారి కన్నింగ్‌హామ్ దొర పాఠశాలల కొఱకు పారిశుద్ధ్యమునుగూర్చి యొక చిన్న పుస్తకమును వ్రాసెను. విచిత్ర మేమనగా, గత్తర ఒకరినుండి ఒకరికి అంటుననుటను ఆ దొర తుదివఱకు ఒప్పుకొనలేదు. అయినను మంచినీరు, మంచిగాలి, పరిసరముల శుభ్రత కావలెనని పిల్లలకు చెప్పెను. కారణమును తప్పుగా తలచియు, పనిని సరిగా చెప్పుట యనునది లోకములో అప్పుడప్పుడు జరుగుచుండును. పాఠములు పుస్తకములలో నిలిచినవేకాని, పిల్లవాని పండ్లు, కండ్లు, రక్తము చూచువారు లేకపోయిరి. 1946లో భోర్ కమిటీవారు తమ నివేదికలో ఈ దేశమున విద్యార్థుల ఆరోగ్యసేవ యనునది దాదాపు లేనట్లేయని వ్రాసిరి.

ఇక నా సంగతి. గుత్తికి నాలుగు క్రోసుల దూరమున మా గ్రామము. ఊరికంతటికి ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి మోకాళ్ల లోతు నీటిలో నిలిచి కడవ ముంచుకొనవలెను. నేను ఎనిమిదవ తరగతిలో నుండగా, చైత్రమాసములో నా చీలమండ పైన బొబ్బ లేచి, మంట పుట్టి, పగిలి, అందులోనుండి తెల్లని దారమువంటిది తొంగిచూచెను. నారికురుపు అన్నమాట. మీలో పెద్దవారికి వివరింప నక్కఱలేదు. ఆ పురుగు రెండు మూరల పొడవు. దానిని పుల్లకు చుట్టి దినమునకు అంగుళమో రెండంగుళములో లాగుచుండవలెను. తొందరపడి లాగినచో లోపల తెగి కాలు వాచి చీము పట్టును. నాది తెగినది. రెండు నెలలు మంచముమీదనుంటిని. పరీక్షలు పోయెను, ఒక యేడు పోయెను.

మరుసటి సంవత్సరము మా సైన్సు అయ్యవారు నల్లబల్లమీద ఆ పురుగు కథను బొమ్మ గీచి చెప్పిరి. కురుపు గలవాడు బావిలో కాలు పెట్టగానే పురుగు వేలకొలది పిల్లలను నీటిలో విడుచును. వానిని సైక్లాప్సు అను కంటికి ఆనియానని నీటిప్రాణి మ్రింగును. ఆ నీటిని మనము త్రాగుదుము. ఏడాది గడచినపిమ్మట పురుగు పెరిగి కాలిగుండ బయటికి వచ్చును. గుడ్డను రెండు మడతలు వేసి నీళ్లు వడియగట్టినచో ఆ ప్రాణి గుడ్డలోనే చిక్కును. ఇంతే. ఇంత చిన్న మాటకొఱకు నేను ఒక యేడు పోగొట్టుకొంటినిగదా యని నా కప్పుడు కన్నీరు వచ్చినది.

ఇంటికి పోయి చెప్పితిని. మా తాత నవ్వెను. “మా యబ్బలు త్రాగిరి, మేము త్రాగితిమి. నీ అయ్యవారు పుట్టకముందే ఈ బావి యున్నది” అనెను. మాటకు మాట చెప్పు వయస్సు కాదు నాది. మా అవ్వ మాత్రము ఏమియు ననక, మరునాటినుండి కడవ మూతికి పాతచీర చెఱగును రెండు మడతలుగా కట్టెను. మా యింట మఱి యెవ్వరికిని నారికురుపు రాలేదు. మా తాతకు కూడ రాలేదు. ఆయన ఆ సంగతిని తుదివఱకు ఒప్పుకొనలేదనుకొనుడు.

1983-84లో ప్రభుత్వము నారికురుపు నిర్మూలనమునకు పూనుకొనెను. ఇంటింట రోగులను వెదకిరి. దిగుడుబావులను చేదబావులుగా మార్చిరి, లేనిచో గొట్టపుబావులు వేసిరి. నీటిలో మందు కలిపిరి. దేశములో తుది రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థవారు భారతదేశమున నారికురుపు లేదని ధ్రువపఱచిరి. టీకా లేదు, మాత్ర లేదు. ఆ రోగము గుడ్డకును, మాటకును, బావికిని లొంగి పోయినది. గొట్టపుబావులు లోతునకు పోయినకొలది ఫ్లోరైడు అను వేఱొక యాపద పైకి వచ్చిన మాట కూడ నిజమే. పిల్లల పండ్లమీది గోధుమరంగు చారలు మీరు చూచియేయున్నారు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దానిని కనుగొనిరి. ఆ కథ వేఱొకనాడు చెప్పవలసినంత పెద్దది.

నేడు పిల్లలకు చెప్పునది నీటిమాట యొక్కటే కాదు. 2020 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు పాఠశాలల ఆరోగ్య కార్యక్రమమును క్రొత్తగా నారంభించిరి. పాఠశాలకు ఇద్దఱు ఉపాధ్యాయులు, అందొకరు స్త్రీ, ఆరోగ్యదూతలుగా నుండి వారమునకొక గంట బోధింపవలెను. పదునొకండు విషయములు: ఆహారము, శుభ్రత, పొగాకు సారాయి వంటి వ్యసనములు, మనస్సులోని దిగులు, ఆడ మగ సమానత, ఎదుగు శరీరము, హింసనుండి కాపాడుకొనుట, చేతిలోని ఫోనును జాగ్రత్తగా వాడుట, ఇట్టివి. విని వ్రాసికొనిన చాలదు. తరగతికి ఇద్దఱు పిల్లలు ఆ మాటను తోడివారికిని, ఇంటివారికిని చేర్చువారుగా నుండవలెను. మేము చదివినప్పుడు గోళ్లు చూపుట, ప్రార్థనకు ముందు ముఖము కడుగుకొనుట, ఇంతటితో సరి.

మఱియొక పని వారమునకొక మాత్ర మ్రింగుట. ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును కలిసిన నీలి మాత్ర అది. అన్నము తిన్నపిమ్మట అయ్యవారి యెదుట మ్రింగవలెను. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడు. భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరుడు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితో చిన్నవయస్సుననే పోయెను. ఆ వ్యాధిలో రక్తము క్షీణించుటకు మందు ఈ ఫోలిక్ ఆమ్లమే. మాత్రతో కడుపు త్రిప్పునని కొందఱు తల్లులు దానిని పాఱవేయింతురు. మొదటి రెండు మూడు వారములు కొందఱికి త్రిప్పుట నిజమే. ఖాళీకడుపున మ్రింగకున్న చాలవఱకు తగ్గును.

ఎందుల కింత పట్టుదల యందురేమో. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో పదునైదు మొదలు పందొమ్మిది యేండ్ల ఆడపిల్లలలో నూటికి అఱువదిమందికి రక్తము తక్కువ. ఆ సర్వేలోనే, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిది నిండకముందే పెండ్లి యైనదని తేలినది. పదునెనిమిది యను హద్దు చట్టములోనికి వచ్చినది 1978లో. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు.

ఇచ్చట నేనొక తప్పు ఒప్పుకొనవలెను. నేను కూడ సైన్సు అయ్యవారినైతిని. ముప్పదియేండ్లకు పైగా ఈ ప్రాంతపు పాఠశాలలలో చెప్పితిని. నారికురుపు పాఠమును నాటకమువలె చెప్పెడివాడను. పదవ తరగతిలో పునరుత్పత్తి యను పాఠము వచ్చినప్పుడు మాత్రము, “ఇది మీరు ఇంట చదువుకొనుడు” అని పుటలు త్రిప్పివేసెడివాడను. మగపిల్లలు కిసుక్కున నవ్వుదురని, ఆడపిల్లలు తల వంచుకొందురని, ఊరిలో పెద్దలు తప్పుపట్టుదురని భయము. ఆడపిల్లలు నెలకు మూడునాళ్లు బడికేల రారో హాజరుపట్టీ చెప్పుచునేయుండెను. నేను గీత గీచి ఊరకుంటిని.

ఒక యేడు నా తరగతిలో చక్కగా చదువు పిల్ల యుండెను. పేరు చెప్పను. లెక్కలలో ఆమెకు సాటి లేరు. పరీక్షలు ముగిసిన నెలకే పెండ్లి చేసిరి. పదునైదు నిండి పదునాఱు జరుగుచున్నది. నన్నును పిలిచిరి, పోయి భోజనము చేసి వచ్చితిని. మరుసటి వేసవిలో కాన్పు కష్టమై, ఒంటిలో రక్తము లేక, ఆ పిల్ల పోయినది. కబురు విన్న సాయంకాలము ఆ సైన్సు పుస్తకమును తీసి నేను త్రిప్పివేసిన పుటలను చదివితిని. తగిన వయస్సు రాకముందు గర్భము తల్లికి అపాయమని అందులోనే యున్నది. ఆ మాట చెప్పినంతమాత్రమున పెండ్లి ఆగెడిదో లేదో నే నెఱుగను. చెప్పలేదన్నది మాత్రము నే నెఱుగుదును. ఆ సంవత్సరము మొదలు నేను ఆ పాఠమును విడువలేదు. ఇద్దఱు పెద్దలు వచ్చి అడిగిరి కూడ. నేను ఆ పిల్ల పేరు చెప్పితిని; వారు మఱి మాటాడలేదు.

ఇప్పుడు నా మనుమరాలు తొమ్మిదవ తరగతి. తరగతిలో ఆరోగ్యపు మాట చేర్చు ఇద్దఱిలో తానొకతె. ఒకనాడు బడినుండి వచ్చి, “తాతా, చేతులు ఇరువది సెకనులు సబ్బుతో కడుగవలెనని అమ్మగారు చెప్పిరి. బడిలో కుళాయి రాదు. మరుగుదొడ్డికి తాళము. ఆడపిల్లలము ఉదయమునుండి నీళ్లు త్రాగకుండ కూర్చుందుము. ఈ పాఠమును ఎక్కడ చేయవలెను?” అని అడిగెను. నా తాతవలె నవ్వలేకపోయితిని.

మరునాడు మేము ముసలివారము నలుగురము పాఠశాలకు పోయితిమి. ఎవరిమీదను కోపము లేదు. తాళపుచెవి యెవరియొద్ద నున్నదని మాత్రమే అడిగితిమి. అది బల్ల సొరుగులో దొరకెను. తలుపు తెఱచి చూడగా గది శుభ్రముగానే యున్నది, నీటితొట్టి యెండియున్నది. నీరు లేనందున తాళము వేసిరట. పంచాయతితో మాటాడి, ఊరిలోనికి వచ్చు నీటిబండి వారమునకు రెండుమార్లు ముందు బడితొట్టిని నింపి తరువాత వీధిలోనికి వచ్చునట్లు ఏర్పాటు చేసితిమి. వీధివారు మొదట గొణిగిరి. తొట్టి నిండినదో లేదో చూచివచ్చు పని, సోమవారమును గురువారమును, నాకు అప్పగింపబడినది.