ఖాళీ అనిపించుకోని ఎడారి

లాస్ ఏంజిలిస్ నుంచి లాస్ వేగస్‌కు కారులో వెళ్లే మనవాళ్లు కిటికీలోంచి చూసేది మొహావీ ఎడారిని. చాలామంది మనసులో అమెరికా ఎడారి అంటే అదే. కానీ ఉత్తర అమెరికాలో పెద్ద ఎడారులు నాలుగున్నాయి. నెవాడాలో, యూటా పడమటి భాగంలో పరుచుకున్న గ్రేట్ బేసిన్ చలి ఎడారి. శీతాకాలంలో మంచు కురుస్తుంది, అక్కడి నదులు సముద్రం దాకా పోకుండా ఉప్పు సరస్సుల్లోనో బీళ్లలోనో ఇంకిపోతాయి. దానికి దక్షిణాన మొహావీ. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉన్న డెత్ వ్యాలీ ఇందులోనిదే. 1913లో అక్కడ నమోదైన 56.7 డిగ్రీలే అధికారికంగా నేటికీ ప్రపంచ రికార్డు. టెక్సస్, న్యూ మెక్సికోలను తాకుతూ ఎక్కువ భాగం మెక్సికోలో ఉన్నది చివావా. నాలుగోది సోనోరా: అరిజోనా దక్షిణ భాగం, కాలిఫోర్నియా ఆగ్నేయ మూల, సరిహద్దుకు అవతల మెక్సికోలోని సోనోరా రాష్ట్రం. ఒక్కదాన్ని ఎంచుకోమంటే నేను సోనోరానే ఎంచుకుంటాను. అది కంటికి ఇంపుగా ఉండటం ఒక కారణమే గాని ముఖ్యమైనది కాదు. పశ్చిమ భూముల గురించి అమెరికా తనకు తాను చెప్పుకున్న అతిపెద్ద అబద్ధం అక్కడ ఎవరూ లేరన్నది. ఆ అబద్ధం సోనోరాలో నిలబడదు.

1820లో స్టీఫెన్ లాంగ్ నాయకత్వంలో వెళ్లిన సర్వే బృందం, రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న గడ్డి మైదానాల మీద 'మహా అమెరికా ఎడారి' అని పటంలో రాసింది. అది ఎడారీ కాదు, నిర్జనమూ కాదు. అయినా ఒక నేల మీద పనికిరానిదన్న ముద్ర పడ్డాక, అక్కడ ఏం చేసినా అడిగేవాళ్లు ఉండరని ప్రభుత్వాలు త్వరగానే గ్రహించాయి. 1945 జులై 16న మొదటి అణుబాంబును పరీక్షించింది చివావా ఎడారిలో. చుట్టుపక్కల పల్లెల జనానికి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. అణుధూళి బారిన పడ్డవాళ్లకు పరిహారం ఇవ్వడానికి 1990లో చేసిన చట్టంలో కూడా ఆ పల్లెలకు చోటు దక్కలేదు. మొహావీ, గ్రేట్ బేసిన్ కలిసే చోట నెవాడా పరీక్షా క్షేత్రంలో 1951 నుంచి 1992 దాకా 928 అణు పరీక్షలు జరిగాయి. 1863 నాటి రూబీ వ్యాలీ ఒప్పందం ప్రకారం అది పశ్చిమ షోషోనీ తెగ తమదని చెప్పుకునే భూమి. ఆ ఎడారులు సహజంగా ఖాళీగా ఉండి ఇలాంటి పనులకు దొరకలేదు. ఈ పనులు చేయడానికే వాటిని ఖాళీగా ప్రకటించారు. నెవాడా రోడ్డు మీద నిలబడి చూసినవాడికి మాత్రం ఈ సంగతి తెలియదు, ఆ అబద్ధం అక్కడ కంటికి నిజంలాగే కనిపిస్తుంది.

సోనోరాలో అలా కాదు. ఇప్పుడు ఫీనిక్స్ నగరం ఉన్న లోయలో, సాల్ట్, గీలా నదుల నుంచి నీళ్లు మళ్లించి సుమారు వెయ్యేళ్లపాటు వ్యవసాయం చేసిన జనాన్ని పురావస్తు శాస్త్రజ్ఞులు హోహోకం అంటారు. కర్రలతో, రాతి పనిముట్లతో వాళ్లు వందల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. బరువులు మోసే పశువు గాని, ఇనుము గాని వాళ్ల దగ్గర లేవు. కాలువ పొడవునా నీళ్లు మరీ ఉరవడిగా పోయి గట్లు కోయకుండా, మరీ మెల్లగా పోయి పూడిక వేయకుండా వాలు చూసుకోవాలి. చెరువు కింద సేద్యం చేసిన ఏ రాయలసీమ రైతుకైనా అది ఎంత కష్టమో తెలుస్తుంది. 14వ శతాబ్దంలో వాళ్లు కట్టిన నాలుగంతస్తుల మట్టి మేడ కాసా గ్రాండే ఇంకా నిలిచే ఉంది. 1892లో ఈ దేశం మొట్టమొదట రక్షిత స్థలంగా ప్రకటించిన ప్రాచీన కట్టడం అదే. 1867లో జాక్ స్విల్లింగ్ అనేవాడు వచ్చి, పూడిపోయిన ఆ పాత కాలువల జాడనే పట్టుకుని తవ్వించి నీళ్లు పారించాడు. బూడిదలోంచి మళ్లీ లేచే పక్షి పేరును ఊరికి పెట్టుకున్నారంటే, తమకు ముందు అక్కడ ఒక నాగరికత ఉండేదని వాళ్లే ఒప్పుకున్నారన్న మాట.

దృశ్యాన్ని దృశ్యంగా చూడాలి గాని చరిత్రతో ముడిపెట్టడమేమిటని అడగవచ్చు. ఇంత పచ్చగా ఉన్నది ఎడారే కాదనేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ జవాబు ఇక్కడి వానలోనే ఉంది. సోనోరాకు ఏటా రెండు వానకాలాలు: చలికాలంలో పసిఫిక్ మీదుగా వచ్చే సన్నటి ముసురు, జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో కుండపోత. ఆ రెండోదాన్ని ఇక్కడి జనం కూడా మాన్సూన్ అనే అంటారు. అయినా టూసాన్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 300 మిల్లీమీటర్లే. కరువు సీమగా మనం చెప్పుకునే అనంతపురం సగటు 550 దాకా ఉంటుంది. అంత తక్కువ నీటిలో, పాలో వెర్దే చెట్టు నీడన మొలకెత్తిన సవారో జెముడు చేతులు చాచడానికే యాభై అరవై ఏళ్లు తీసుకుని, 150 ఏళ్లకు పైగా బతుకుతుంది. దాని పండ్లు కోసే కాలంతోనే తోహోనో ఓదమ్ తెగవాళ్లకు కొత్త ఏడాది మొదలు. ఆ పండ్లతో పులియబెట్టిన పానీయం తాగి వానను పిలుస్తారు. వాగు కొండ దిగి బయలులోకి పరుచుకునే చోట వరద నీటిని ఆపి, టెపరీ అనే చిన్న చిక్కుడు గింజలు పండిస్తారు. మన పల్లెల్లో సర్కారు తుమ్మ అని తిట్టుకునే చెట్టుకు దగ్గరి జాతి అయిన మెస్కీట్ కాయలను ఎండబెట్టి పిండి విసురుకుంటారు. మన దగ్గర బొగ్గు కాల్చుకోవడానికే పనికొచ్చిన జాతి ఇక్కడ అన్నం పెట్టింది. ఇవన్నీ తెలిశాక అదే కొండవాలు కంటికి వేరుగా కనిపిస్తుంది. చరిత్ర ఆ అందానికి అడ్డు రాదు, దాన్ని పెంచుతుంది.

మరింత గట్టి అభ్యంతరం మరొకటుంది. సుమారు 1450 నాటికి హోహోకం ఊళ్లు పాడుబడ్డాయి కదా, చివరికి గెలిచింది ఎడారే కదా అంటారు. పెద్ద ఊళ్లు పోయిన మాట నిజం, మనుషులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ కాలువలు తవ్విన వాళ్లే తమ పూర్వీకులని గీలా ఒడ్డున ఉండే అకిమెల్ ఓదమ్ తెగ చెబుతుంది. బయటివాళ్లు వీళ్లను పీమాలన్నారు. మన బట్టల కొట్లలో కూడా కనిపించే పీమా కాటన్‌కు పేరు వీళ్ల నుంచే వచ్చింది. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు పరుగెత్తిన వేలమంది దారిలో ప్రాణాలు నిలుపుకున్నది వీళ్ల గోధుమలతో. అంతర్యుద్ధ కాలంలో సైన్యం కూడా వీళ్ల దగ్గరే కొనుక్కుంది. తర్వాత ఎగువన స్థిరపడిన కొత్త రైతులు గీలాను మళ్లించుకోగా, 1880ల నుంచి దశాబ్దాలపాటు వీళ్ల పొలాలు బీళ్లయ్యాయి, ఆకలి చావులు వచ్చాయి. ఇక్కడ గెలిచింది ఎడారి కాదు, ఎగువవాడు. దిగువ ఆయకట్టువాళ్లు ఇది విని ఆశ్చర్యపోరు. తెగల భూములకు నీటిహక్కు కూడా ఉంటుందని 1908లోనే సుప్రీంకోర్టు వింటర్స్ కేసులో తీర్పు ఇచ్చినా, అది కాగితం దాటి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 2004 నాటి చట్టం వీళ్ల సంఘమైన గీలా రివర్ తెగకు అన్ని వనరులూ కలిపి ఏటా 6,53,500 ఎకరా-అడుగుల హక్కు గుర్తించింది. మన లెక్కలో 28 టీఎంసీలకు పైగా. తెలుగువాళ్లు చాలామంది ఉండే చాండ్లర్ ఊరి పొలిమేరలోనే ఆ తెగ భూమి మొదలవుతుంది. దాని కాలువ మీద సౌర ఫలకాల పైకప్పు 2024లో వచ్చింది. అమెరికాలో అది మొదటిది, గుజరాత్‌లో ఆ పని అంతకు ముందే జరిగింది.

సోనోరా చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయా? లేవు. 1853లో గాడ్స్‌డెన్ ఒప్పందంతో అమెరికా కోటి డాలర్లిచ్చి, రైలు దారి కోసం, మెక్సికో నుంచి ఈ నేలలో పెద్ద ముక్క కొన్నది. కొత్త సరిహద్దు తోహోనో ఓదమ్ ఊళ్ల మధ్యగా పోయింది, వాళ్లనెవరూ అడగలేదు. 1942లో జపాన్ మూలాలున్న పౌరులను నిర్బంధించిన శిబిరాల్లో రెండింటిని, పోస్టన్, గీలా రివర్ శిబిరాలను, తెగలు వద్దన్నా తెగల భూమిలోనే కట్టారు. పాతికేళ్లకు పైగా సరిహద్దు దాటబోయి దాహంతో ఇక్కడ చనిపోయిన వలసకూలీలు వేలల్లో ఉంటారు. 2020లో సరిహద్దు గోడ కోసం ఓదమ్‌లకు పవిత్రమైన కొండను పేల్చారు. అమాయకమైన నేల అని నేను దీన్ని ఎంచుకోలేదు. ఇక్కడ ప్రతి అన్యాయానికీ ఎదురుగా, అది మా నేల అని పేరుపెట్టి చెప్పే మనుషులు నిలబడి ఉన్నారు. నాకు ఈ ఎడారి మీద గౌరవం పుట్టింది అందుకే.

చివరి అభ్యంతరం ఫీనిక్సే. 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటిన ఊరు అది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ ఒక్కదానిలోనే వడదెబ్బ, వేడి కారణంగా 645 మంది చనిపోయారు. కొలరాడో నీటిని 540 కిలోమీటర్ల కాలువలో ఎత్తిపోస్తే గాని అది నడవదు. ఆ నదిని ఏడు రాష్ట్రాలు 1922లో పంచుకున్నాయి. ఎగువ, దిగువ భాగాలకు ఏటా చెరి 75 లక్షల ఎకరా-అడుగులు, మొత్తం సుమారు 650 టీఎంసీలు. లెక్కకు ఆధారం అరుదుగా బాగా నీళ్లు వచ్చిన కొన్నేళ్లు. కృష్ణాను పంచేటప్పుడు బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం లభ్యతను లెక్కలోకి తీసుకుని 2060 టీఎంసీల దగ్గర ఆగింది. మనం ఎంత తిట్టుకున్నా, నాలుగేళ్లలో మూడేళ్లు వచ్చే నీటినే పంచాలన్న జాగ్రత్త అందులో ఉంది. కొలరాడో పంపకంలో ఆ జాగ్రత్తా లేదు, ఒక్క తెగ ప్రతినిధీ లేడు. అక్కడ కూడా ఎవరూ లేరన్న అబద్ధమే పనిచేసింది. వందేళ్ల తర్వాత, 2023లో కొలరాడో మీది మీడ్ జలాశయం అడుగంటుతున్నప్పుడు, గీలా రివర్ తెగ పరిహారం తీసుకుని తన వాటాలో ఏటా 1,25,000 ఎకరా-అడుగులు మూడేళ్లపాటు వదిలిపెట్టడానికి ఒప్పుకుంది. ఒకప్పుడు వీళ్ల నది ఎండిపోతే పట్టించుకోని రాష్ట్రం ఈ నీటితో ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడున్న నిర్వహణ నిబంధనలకు గడువు 2026. కొత్తవి రాసే చర్చల్లో తమకూ కుర్చీ వేయాలని పరీవాహకంలోని 30 తెగలు అడుగుతున్నాయి. ఆ కుర్చీ వేయకుండా నదిని మళ్లీ పంచితే, 1922లో జరిగిన తప్పును ఈసారి అన్నీ తెలిసి చేసినట్లవుతుంది.