రంగం రేవులో మన నడుములు

ఆఫీసు పని మీద కొన్ని వారాలు మింగళాడోన్‌లో ఉన్నాను. యాంగోన్ విమానాశ్రయం ఉన్నది ఇక్కడే. రోజుకి పది గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేసరికి నడుం పట్టేసింది. అమ్మకి ఫోన్ చేస్తే, "తిన్నగా కూర్చోరా" అంది. మీ ఇంట్లోనూ ఇదే మాట కదూ!

ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ నడుముల కథ చాలా పాతది. యాంగోన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చిన కూలీలకి, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద, ఇక్కడ 'కోరంగీలు' అని పేరు పడింది. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. అక్కడ బియ్యానికి కొలత బుట్ట. ఒక బుట్ట 75 పౌన్లు, అంటే 34 కిలోలు. ఎలా వంగాలో, ఎలా ఎత్తాలో వాళ్ళకి మనం నేర్పేదేముంది? కానీ మేస్త్రీ దగ్గర తీసుకున్న అప్పు తీరాలంటే, నొప్పి ఉన్నా మొయ్యాల్సిందే.

1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టుకున్నారు. రాజీ కుదిరాక, మే 26న ఆ బర్మావాళ్ళని వెనక్కి పంపబోతే గొడవ మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రేవు మీదా, ఈ మింగళాడోన్ విమానాల స్థావరం మీదా పడ్డాక, లక్షలమంది కొండలు, అడవులు దాటి నడిచి ఇండియాకి బయల్దేరారు.

మోతకి ఒక హద్దుండాలని ప్రపంచం చెప్పడానికి చాలా కాలం పట్టింది. మగకూలీకి 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది 1967లో!

మన తరానిది తిరగబడిన జబ్బు. బరువు లేదు, కదలికా లేదు. అందుకే అమ్మ మాట సగమే నిజమంటాను. ఎంత తిన్నగా కూర్చున్నా, గంటల తరబడి కూర్చుంటే నడుం ఊరుకోదు. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. నొప్పి తగ్గాక క్రమంగా నడక పెంచుకున్నవాళ్ళకి అది మళ్ళీ రావడానికి సగటున 208 రోజులు పట్టింది, నడవనివాళ్ళకి 112. ఖర్చు లేని మందు కదండీ! అరగంటకోసారి లేవండి, ఫోన్ వస్తే నడుస్తూ మాట్లాడండి. నొప్పి వచ్చినా రోజుల తరబడి మంచం ఎక్కకండి. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.