ఝార్ఖండ్ ముక్తి మోర్చా ముడుపుల కేసు

లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం నుంచి గట్టెక్కేందుకు ఎంపీలకు డబ్బు ముట్టజెప్పారన్న ఆరోపణపై మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు మీద నడిచిన కేసు ఇది. క్రిమినల్ కేసులో కోర్టు దోషిగా తేల్చిన తొలి భారత మాజీ ప్రధాని ఆయనే. పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

1991లో పి.వి. గద్దెనెక్కేనాటికి కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ లేదు, ఆయన అప్పటికి ఎంపీ కూడా కాదు. నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న కారణంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. బీజేపీ మాత్రం బంగారు లక్ష్మణ్‌ను దింపింది. పి.వి. ఐదు లక్షలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. పార్టీల మధ్య ఆపాటి పట్టువిడుపులు ఆ తర్వాత అరుదైపోయాయి. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలాక దేశం రెండుగా చీలింది. మసీదును కాపాడలేదని సొంత పార్టీలోనే పి.వి.ని తప్పుబట్టినవారున్నారు.

1993 జూలైలో సీపీఎం సభ్యుడు అజయ్ ముఖోపాధ్యాయ అవిశ్వాస తీర్మానం పెట్టారు. సభలో అప్పుడున్నది 528 మంది, కాంగ్రెస్ బలం 251. జూలై 28న ఓటింగ్‌లో తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. ప్రభుత్వం 14 ఓట్లతో నిలబడింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు నలుగురు, జనతాదళ్ నుంచి చీలినవారు కొందరు ప్రభుత్వం వైపు ఓటేశారు. వీరికి డబ్బు అందిందన్న ఫిర్యాదు 1996లో, అంటే పి.వి. పదవి దిగిపోయే వేళకు, ఢిల్లీ హైకోర్టుకు చేరింది. సీబీఐ రంగంలోకి దిగింది.

కేసులో అసలు చిక్కుముడి 1998 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఇచ్చిన తీర్పు. సభలో వేసిన ఓటుకు సభ్యుణ్ని కోర్టుకీడ్చకూడదని రాజ్యాంగం 105(2) అధికరణం అంటుంది. ఆ రక్షణ లంచం తీసుకుని ఓటేసినవారికీ వర్తిస్తుందని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. లంచం ఇచ్చినవారికి మాత్రం రక్షణ లేదన్నారు. డబ్బు ఆరోపణ ఎదుర్కొన్నా ఓటింగ్‌లో పాల్గొనని ఎంపీ అజిత్ సింగ్‌కూ లేదన్నారు. అంటే డబ్బు పుచ్చుకుని మాట నిలబెట్టుకున్నవాడు క్షేమం, ఓటు వేయనివాడు ముద్దాయి! ఇంత వింత ఫలితమిచ్చిన తీర్పులు మన న్యాయచరిత్రలో ఎక్కువ లేవు.

దాంతో పి.వి. విచారణను ఎదుర్కోక తప్పలేదు. 2000 సెప్టెంబర్ 29న ప్రత్యేక న్యాయమూర్తి అజిత్ భరిహోకే ఆయన్నూ, మాజీ కేంద్రమంత్రి బూటాసింగ్‌నూ దోషులుగా నిర్ధారించి, అక్టోబర్ 12న మూడేళ్ల కఠిన శిక్ష వేశారు.  నవంబర్ మధ్యలో మోర్చా దశాబ్దాలుగా అడుగుతున్న ఝార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. కేసుకూ దీనికీ సంబంధం లేదు, కాలం మాత్రం అలా కలిసొచ్చింది.

ప్రాసిక్యూషన్ ప్రధానంగా ఆధారపడింది అప్రూవర్‌గా మారిన మోర్చా ఎంపీ శైలేంద్ర మహతో సాక్ష్యం మీద. అది నమ్మదగ్గది కాదంటూ 2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. తనపై నడిచిన మరో రెండు కేసులు, సెయింట్ కిట్స్, లఖూభాయ్ పాఠక్ కేసుల్లోనూ పి.వి. బయటపడ్డారు. చివరిది 2003 డిసెంబర్‌లో ముగిసింది, మరుసటి డిసెంబర్‌లో ఆయన కన్నుమూశారు.

కోర్టు విడిచిపెట్టినంత మాత్రాన పార్టీ దగ్గరికి తీయలేదు. అంత్యక్రియలు ఢిల్లీలో కాక హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. ఆయన్ను తమవాడన్నది తర్వాత తెలంగాణ రాష్ట్ర సమితి, ఆపై బీజేపీ. 2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించారు. అదే ప్రకటనలో అజిత్ సింగ్ తండ్రి చరణ్ సింగ్ పేరూ ఉంది.

నెల తిరగకముందే, మార్చి 4న, పి.వి. పేరుతో చలామణి అయిన 1998 తీర్పును సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో ఏకగ్రీవంగా రద్దు చేసింది. సీతా సోరెన్ మోర్చా నేత శిబూ సోరెన్ కోడలే. ఇప్పుడు ఎంపీ అయినా, ఎమ్మెల్యే అయినా, ఓటు వేసినా, వేయకపోయినా, లంచం పుచ్చుకున్నప్పుడే నేరం పూర్తయినట్టు లెక్క.