గిడుగు వారి బడి, ఏకలవ్యుడి బొటనవేలు

"కొండ పిల్లలకు నన్నయ, ధూర్జటి ఎందుకండీ? ఉద్యోగానికి పనికొచ్చేది చెప్పండి చాలు." ఆశ్రమ పాఠశాలల్లో ఈ మాట మనం విన్నదే. అందులో కొంత జాలి ఉంది, కొంత చిన్నచూపూ ఉంది. మేమూ ఒకప్పుడు ఆ మాటే నమ్మాం. ఇంట్లో సవర, బడిలో తెలుగు. ఆ తెలుగైనా సరిగా నోరు తిరగకముందే పద్యం ఎదురయ్యేది. ప్రతిపదార్థం బట్టీ పట్టి పరీక్షలో రాసేవాళ్ళం, మర్నాటికి మరిచేవాళ్ళం.

పాత పద్యం వద్దనేవాళ్ళు తరచు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పేరు చెబుతారు. ఆయన మనకు పరాయివాడు కాదు. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు నడిపారు, వాచకాలు రాశారు. సవర భాష తీరును వివరిస్తూ ఆయన రాసిన పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. వాడుక భాష కోసం పోరాడిందీ ఆయనే. అయితే ఆ పోరాటానికి కావలసిన సాక్ష్యాల్లో చాలావాటిని ఆయన పాత కావ్యాల్లోంచే తీశారు. వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలు మహాకవుల్లోనే ఉన్నాయని చూపించారు. పిల్లల చేత గ్రాంథికంలో రాయించడాన్ని ఆయన కాదన్నారు. చదవడం వేరు, అందులోనే రాయమనడం వేరు. ఈ తేడా మన బడుల్లో ఎవరూ చెప్పలేదు.

చదివితే ఏం దొరుకుతుంది? పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ తెలిగించిన ఆదిపర్వం చూడండి. అందులో ఏకలవ్యుడు ఉన్నాడు. అతను మనలాంటి అడవి బిడ్డ. ద్రోణుడు శిష్యుడిగా చేర్చుకోలేదు. మట్టిబొమ్మ పెట్టుకుని తనంతట తానే విల్లు నేర్చాడు. చివరికి కుడిచేతి బొటనవేలు పోగొట్టుకున్నాడు. ఈ కథను నీతిపాఠంగా కుదించి "గురుభక్తి" అని పేరు పెట్టేస్తారు. మూలం దగ్గరికి వెళితే అర్జునుడి అసూయ కూడా కనబడుతుంది, దాన్ని కవి దాచలేదు. పదహారో శతాబ్దపు ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు శివుడికి మాంసం పెడతాడు. పండక్కి దేవతకు కోడినిచ్చే ఇంటి పిల్లలకు ఆ భక్తిని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త ఉంది. ఇవి రాజుల కాలపు పండితులు మనల్ని చూసి రాసినవి, మనం రాసుకున్నవి కావు. గోండుల పురాణాలను కిక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతున్న పర్ధాన్ల సాహిత్యమూ కావ్యమే, అదీ తేలిక కాదు. ఆ పాటకు తరగతి గదిలో చోటు లేకపోతే నన్నయ పాఠం మళ్ళీ ఏకపక్షమే అవుతుంది.

మేం ఒక తొమ్మిదో తరగతిలో ముందు కథను సవరలో చెప్పి, తర్వాత పద్యం చదివించాం. రెండు రోజులు పట్టింది. సగంమందికి సంధులు తెలియలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఏమీ నేర్పని గురువు దక్షిణ ఎలా అడిగాడు సార్?" అంది. ఆ పీరియడ్‌లో ఇక నోట్సు చెప్పలేదు.